వర్బేటిమ్ కాగితాలు

క్రైస్తవ కౌన్సెలింగ్‌లో పీజీ అనగానే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు "అంటే పాస్టర్ కోర్సా?" అని అడుగుతారు. మన చదువు ఏమిటో సిలబస్ కన్నా వర్బేటిమ్ కాగితాలే, అంటే రోగితో జరిగిన సంభాషణను మాటకు మాట రాసినవే, బాగా చెబుతాయి. కొత్తగా చేరేవాళ్ల కోసం వాటి గురించే రాస్తున్నాను.

1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బోయిసెన్ వేదాంత విద్యార్థులకు రోగుల దగ్గరే శిక్షణ మొదలుపెట్టాడు. ఆ దారిలో వచ్చిన శిక్షణలో అక్కడ ఒక యూనిట్ అంటే 400 గంటలు. అందులో కనీసం 100 గంటలు తరగతి బోధనకు, చర్చకు పోతాయి. ఆ చర్చకు ముడిసరుకు వర్బేటిమ్.

మంచం పక్కన నోట్సు రాసుకోకూడదు. ఆ రాత్రి పడుకోకముందే గుర్తున్నది గుర్తున్నట్టు రాసెయ్యాలి. మర్నాటికి ఆగితే మనం అన్న మాటలు అన్నదానికంటే అందంగా గుర్తొస్తాయి. రోగి పేరు, ఊరు మార్చాలి. కౌన్సెలర్ మాటకు క, రోగి మాటకు రో పెట్టి క1, రో1, క2, రో2 అని అంకెలు వేయాలి. మౌనం, తల తిప్పుకోవడం, కొంగుతో కళ్లొత్తుకోవడం కూడా రాయాలి. కుడివైపు మూడో వంతు సూపర్‌వైజర్‌కు ఖాళీగా వదలాలి. తరగతిలో ఇద్దరు దాన్ని పైకి చదువుతారు. రాసేటప్పుడు కంటికి ఆనని లోపం అప్పుడు చెవికి తగులుతుంది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు డయాలసిస్ రోగుల దగ్గర ఇలాంటి వరుస తరచూ వస్తుంది:

రో3: ఏ పాపం సేసినానో అయ్యగోరూ, నాకే ఒచ్చింది.
క4: అలా అనుకోకూడదమ్మా. దేవుడు మంచివాడు. ప్రార్థన చేద్దాం.
రో4: అలాగే అయ్యగోరూ.

"అలాగే" దగ్గర సంభాషణ చచ్చిపోయింది. క4లో ఒక్క మాటా అబద్ధం కాదు, కానీ ఆ మూడు మాటలూ కౌన్సెలర్ భయాన్ని తీర్చడానికి వచ్చినవే. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఖాయంగా తేలలేదు. కారణం దొరకని చోట మనిషి తన మీదే నేరం మోపుకుంటాడు. దాన్ని బయటికి చెప్పనివ్వాలి. "ఆ ఆలోచన ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?" అని అడిగి ఊరుకుంటే చాలు. "ఎందుకలా అనుకుంటున్నారు?" అని మాత్రం అడగొద్దు, తెలుగులో అది నిలదీసినట్టే వినిపిస్తుంది. డయాలసిస్ సుమారు నాలుగు గంటలు, పక్క మంచం చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి గొంతు తగ్గించాలి. ప్రార్థన ఆమె కోరితేనే చేయాలి, అదీ ఆమె వాడిన మాటలతోనే.

ఇది విశ్వాసాన్ని పక్కన పెట్టడం అనుకునేవాళ్లు బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం మళ్లీ చదవాలి. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు మొదట నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తర్వాత ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు, ఒకే జవాబును రెండుసార్లు విన్నాడు. నా దృష్టిలో మన శిక్షణకు ఇంతకన్నా మంచి పాఠ్యభాగం లేదు. బైబిల్లోనే, కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి కౌన్సెలర్లే.

చనిపోవాలని ఉందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఎలా, ఎప్పుడు అనుకున్నారు, ఇంట్లో పురుగుమందు ఉందా, ఇంతకుముందు ప్రయత్నించారా అని ఒక్కొక్కటే అడగాలి. "అది పాపం" అని ముందే అనేస్తే నిజం చెప్పే నోరు మూతపడుతుంది. ప్రమాదం ఉందనిపిస్తే ఒంటరిగా వదలకుండా, పురుగుమందు ఇంట్లోంచి తీయించి, ఆసుపత్రికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416. డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నపత్రం పిఎచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న దీని గురించే. మొత్తం మార్కులు తక్కువ వచ్చినా దానికి సున్నా కాని జవాబు వస్తే అక్కడ ఆగాల్సిందే.

జబ్బు నయం కావాలని ప్రార్థించే స్వస్థత కూటాల తర్వాత మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది, వికారం, తలనొప్పి లాంటివి మాత్రం ముందే వస్తాయి. అందుకే మొదటి వారంలోనే వదిలేస్తారు. ప్రార్థన చేస్తూనే మాత్ర వేసుకోమని చెప్పాలి. మార్పేదైనా డాక్టరే చేయాలి.

క్రైస్తవ సంఘాల్లో గుట్టు ఎక్కువగా బయటపడేది ప్రార్థనాంశాల దగ్గరే, అంటే ఎవరి కోసం ప్రార్థించాలో అందరి ముందూ చెప్పేటప్పుడే. "ఫలానా సహోదరి కుటుంబ సమస్య గురించి" అన్నా చిన్న ఊళ్లో అందరికీ అర్థమైపోతుంది. ఆమె ఒప్పుకోకుండా పాస్టరమ్మగారికైనా చెప్పొద్దు. పిల్లలపై లైంగిక దాడి తెలిస్తే మాత్రం గోప్యత వర్తించదు, పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ హద్దు మొదటి సెషన్ మొదటి నిమిషంలోనే చెప్పాలి. అంతా విన్నాక చెబితే అది నమ్మకద్రోహంలా ఉంటుంది.