రెస్టోర్ చేసిన ఈ-టైప్ ఖరీదులో ఏముంది?

పూర్తిగా విప్పి మళ్లీ కట్టిన జాగ్వార్ ఈ-టైప్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును కొనే కలెక్టర్ చాలాసార్లు దాని మీద అయిన ఖర్చు కంటే తక్కువే ఇస్తాడు. బయటివాళ్లకు పిచ్చి ఖర్చులా కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే బేరమే. తుప్పు పట్టిన సీరీస్ 1 (ఈ-టైప్‌లలో మొదటి రకం) బండిని మంచి బ్రిటిష్ వర్క్‌షాపులో కొత్తదానిలా చేయించాలంటే 1,500 నుంచి 2,500 పని గంటలు పడతాయి. గంటకు 70 పౌండ్లే అనుకున్నా, 2,000 గంటలకు కూలీ ఒక్కటే 1,40,000 పౌండ్లు. విడిభాగాలు, క్రోమ్ ప్లేటింగ్, తోలు సీట్లు, అసలు ఆ పాతబండి ఖరీదు అన్నీ దీనికి అదనం. 2017లో కంపెనీయే 'ఈ-టైప్ రీబార్న్' పేరుతో పది పాత బండ్లను బాగుచేసి అమ్ముతామన్నప్పుడు ధర 2,85,000 పౌండ్ల దగ్గర మొదలైంది.

ఆ గంటల్లో ఎక్కువ భాగం రేకు పనికే పోతాయి. ఈ బండికి మామూలు ఛాసిస్ లేదు. మధ్య భాగం రేకుతో కట్టిన మోనోకాక్, అంటే బరువంతా బాడీయే మోస్తుంది. ముందు ఇంజిన్‌ను మోసేది రేనాల్డ్స్ 531 ఉక్కు గొట్టాల ఫ్రేము, దాన్ని బల్క్‌హెడ్‌కు (ఇంజిన్‌కూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య గోడ) బోల్టులతో బిగిస్తారు. తలుపుల కింద ఉండే సిల్స్ చూడటానికి అలంకారపు పట్టీల్లా ఉంటాయి గానీ, రోడ్‌స్టర్‌లో పైకప్పు లేదు కాబట్టి బాడీ వంగకుండా ఆపేవి ముఖ్యంగా అవే. మూసిన పెట్టెలాంటి ఆకారం, లోపల సరైన పూత లేదు. చలికాలంలో బ్రిటన్ రోడ్ల మీద చల్లే ఉప్పు, నీళ్లూ లోపల చేరి లోపలి నుంచే తినేస్తాయి.

సిల్ మార్చేటప్పుడే పనివాడి సంగతి తెలిసిపోతుంది. ముందు తలుపు తీసి, ఆ ఖాళీలో కీళ్లున్న వైపు నుంచి తాళం వైపుకి ఒక ఇనప గొట్టం అడ్డంగా వెల్డ్ చేయాలి. ఆ తర్వాతే ఒక పక్క సిల్ కోయాలి. అది పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. ఊతం పెట్టకుండా కోస్తే బాడీ నడుము దగ్గర కుంగుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: తలుపు మూసి అంచు వెంట సందు చూడండి. కింద వేలు దూరేంత ఉండి, పైన అట్టముక్క కూడా పట్టకపోతే కుంగినట్టే. ఇంతకంటే చవకబారు పని ఇంకోటుంది. కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడిగి, పుట్టీ పెట్టి, రుద్ది, రంగేసేయడం. అమ్ముడుపోయేదాకా బండి అద్దంలా మెరుస్తుంది. అందుకే తెలిసిన కొనుగోలుదారు ముందు అడిగేది, రంగు వేయకముందు తీసిన ఫొటోలు.

వెనక బ్రేకులదీ ఇదే కథ. డిస్కులు చక్రాల్లో ఉండవు, ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌కు రెండు పక్కలా ఆనుకుని ఉంటాయి. వాటి వేడికి అవుట్‌పుట్ షాఫ్టుల ఆయిల్ సీళ్లు గట్టిపడి కారడం మొదలవుతుంది, ఆ ఆయిల్ తిన్నగా డిస్కుల మీదకే పోతుంది. సీలు ఖరీదు ఏమంత కాదు, కానీ సరిగ్గా మార్చాలంటే డిఫరెన్షియల్, బ్రేకులు, వెనక సస్పెన్షన్ అన్నీ పట్టి ఉంచే సస్పెన్షన్ కేజ్ మొత్తం కిందికి దించాలి. దించాక తెలిసినవాడు సీళ్లతో ఆపడు. డిస్కులు, క్యాలిపర్లు, హ్యాండ్‌బ్రేక్ భాగాలు, యూనివర్సల్ జాయింట్లు, హబ్ బేరింగులు, కేజ్ రబ్బరు మౌంట్లు అన్నీ ఒకేసారి కానిస్తాడు. ఇవన్నీ ఒకే బిల్లులో కనిపిస్తే మంచి గుర్తు. బ్రేక్ ప్యాడ్లు మాత్రమే కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇక నంబర్లు. ఇంజిన్ నంబరు బ్లాక్ మీద ఆయిల్ ఫిల్టర్ పైన ఒకసారి, సిలిండర్ హెడ్ ముందు భాగాన ఇంకోసారి కొట్టి ఉంటుంది. గేర్‌బాక్స్‌కు, బాడీకి వేరే నంబర్లు. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఫ్యాక్టరీ రికార్డులు చూసి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఇవన్నీ ఉంటాయి, తొలి రంగు, తోలు రంగు, తయారీ తేదీతో సహా. బండి మీద నంబర్లన్నీ సర్టిఫికెట్‌తో సరిపోతే ధర లేస్తుంది. చిక్కల్లా బండికి అసలు గుర్తింపైన ఛాసిస్ నంబరుతోనే. అది కొట్టింది ముందు గొట్టాల ఫ్రేము మీద, కుడి డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) మౌంటు పైన. ఆ గొట్టాలు పల్చనివి, బ్రేజింగ్‌తో, అంటే ఉక్కును కరిగించకుండా వేరే లోహాన్ని కరిగించి పోసి, అతికినవి. లోపల తుప్పు పడితే మామూలు వెల్డింగ్ వేడికి పక్క భాగం బలం పోతుంది, కాబట్టి ఫ్రేము మార్చడమే సరైన పని. మారిస్తే అసలు ముద్ర పోతుంది! నిజాయితీగా పనిచేసే వర్క్‌షాపు పాత ముద్రను ఫొటో తీసి, ఆ పాత ముక్కను కూడా దాచి బండితో పాటు ఇస్తుంది. ఆ తుప్పు ముక్కకున్న విలువ కొత్త క్రోమ్ బంపర్‌కు కూడా ఉండదు.

అసలు భాగాలే ఉండాలన్న ఈ పట్టింపు మన దేశంలోనూ చట్టంలోకి ఎక్కింది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంబాసిడర్‌లో వేరే కంపెనీ డీజిల్ ఇంజిన్ పెట్టించేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

అన్ని ఈ-టైప్‌లకూ పని దాదాపు ఒకటే, ధర మాత్రం కాదు. 1966లో వచ్చిన వెనక సీట్ల 2+2కు రోడ్‌స్టర్‌తో సమానంగా ఖర్చవుతుంది, అమ్మితే అంత రాదు. అన్నిటికంటే గిరాకీ 1961 నాటి తొలి బండ్లకు. వాటి నేల రేకు సాపుగా ఉండేది, పొడుగాటి మనిషికి కాళ్లు పెట్టుకునే చోటు చాలేది కాదు. మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు చప్పుడు లేకుండా పడేలా చేసే ఏర్పాటు) కూడా లేదు. నడపడానికి సుఖంగా ఉండేది 1964లో వచ్చిన 4.2 లీటర్ల బండి. రోజూ కాకపోయినా ఆదివారాలైనా నడుపుదాం అనుకునేవాళ్లు దాన్ని కొనుక్కుని కొంత డబ్బు మిగుల్చుకోవచ్చు.