పాయింట్లతో కాశీకి: స్లీపర్ టికెట్ల దగ్గర్నుంచి గంగ చెంబుల దాకా

సికింద్రాబాద్ నుంచి కాశీకి ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం. అమ్మ, నాన్న, మేమిద్దరం, అక్క, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. వెళ్లేటప్పటి ఆరు బెర్తుల్లో నాలుగు క్రెడిట్ కార్డు పాయింట్లతోనే వచ్చాయి. పాయింట్లతో యాత్ర చేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది పాయింట్ల దగ్గర కాదు, వాటిని ఎప్పుడు వాడాలన్న దగ్గర. అందుకే అక్కడ్నుంచే మొదలుపెడతాను.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబరు 1కి ముందు 120 రోజులుండేది. ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. ఆ 60 రోజులు మనం ఎక్కే స్టేషన్ నుంచి కాదు, రైలు బయల్దేరే స్టేషన్ తేదీ నుంచి లెక్క. రైలు రెండో రోజున మన ఊరికి వచ్చేదైతే మనకు ఒక రోజు ముందే తెరుచుకున్నట్టు. చాలామంది ఇక్కడే ఒక రోజు ఆలస్యంగా కూర్చుని వెయిటింగ్ లిస్టులో పడతారు.

రైలు టికెట్లు తీసే ఐఆర్‌సీటీసీ సైటులో ఆధార్‌తో ధ్రువీకరించని ఖాతాతో ఆ ఉదయం కూర్చుని లాభం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి రిజర్వేషన్ తెరిచిన మొదటి 15 నిమిషాలూ ఆధార్ ఖాతాలకే అన్నారు. ఆ వ్యవధిని తర్వాత ఇంకా పెంచారు. ధ్రువీకరణ వారం ముందే చేసి పెట్టుకోండి. ఆధార్‌లో ఉన్న పేరు, ఖాతాలో ఉన్న పేరు అక్షరం తేడాతో ఉన్నా ఆగిపోతుంది. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం మామూలే కాబట్టి ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇక పాయింట్ల సంగతి. మా దగ్గరున్నది ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ ప్లాటినం కార్డు. ఒక పాయింటు ఒక రూపాయి, రైలు టికెట్‌కి వాడితే. మామూలు ఖర్చుల మీద 125 రూపాయలకు ఒక పాయింటు వస్తుంది. ఏసీ తరగతుల టికెట్లు ఐఆర్‌సీటీసీలో ఈ కార్డుతో తీస్తే 10 శాతం దాకా పాయింట్లుగా వెనక్కి వస్తాయి. స్లీపర్ టికెట్ తీస్తే ఆ 10 శాతం రాదు. మాకు పోగైన 3,240 పాయింట్లలో 1,800 పాత ఏసీ టికెట్ల మీద వచ్చినవి. మిగిలిన 1,440 రావడానికి లక్షా ఎనభై వేలు ఖర్చయింది, అదీ ఎలాగూ పెట్టాల్సిన కిరాణా, ఫీజుల ఖర్చే. పాయింట్ల కోసమని కొత్త ఖర్చు పెట్టుకుంటే, బిల్లు ఒక్క నెల కట్టకపోతే పడే వడ్డీ నెలకు మూడున్నర శాతం పైమాటే. ఆ వడ్డీ ముందు పాయింటు ఎందుకూ కొరగాదు. నియమాలు బ్యాంకులు మారుస్తుంటాయి కాబట్టి మీ కార్డు షరతుల కాగితం ఒకసారి చదువుకోండి, నేను చెప్పేది మేం వాడినప్పటి లెక్క.

పాయింట్లు నమోదయ్యే కార్డు లాయల్టీ నంబరును ఐఆర్‌సీటీసీ ఖాతాకు జోడించడం ఆ ఉదయం చేసే పని కాదు. ఓటీపీ బ్యాంకులో నమోదైన ఫోనుకే వస్తుంది. ఆ ఫోను నాన్నగారి దగ్గర, కార్డు మీ దగ్గర, ఖాతా అక్క పేరు మీద ఉంటే ముగ్గురూ ఒకచోట కూర్చోవాలి. పదిహేను రోజుల ముందే జోడించి, పాయింట్లు ఎన్నున్నాయో ఐఆర్‌సీటీసీ పేజీలో కనబడుతున్నాయో లేదో చూసుకున్నాం.

మా ఇంట్లో ఇంకో బ్యాంకు కార్డు ఉంది. దాని 6,000 పాయింట్లు పాతిక పైసల లెక్కన 1,500 రూపాయల వోచర్ అయింది. దాని మీద 99 రూపాయల రుసుము, 18 శాతం జీఎస్టీ, వెరసి 116 రూపాయల 82 పైసలు. వోచర్ చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఇలాంటి పాయింట్లతో నేరుగా టికెట్ తీయాలని చూడకండి. వాటిని ముందుగానే బిల్లులో జమ చేయించుకునో, వోచర్‌గా మార్చి ఇంటి సరుకులకు వాడుకునో, ఆ మిగిలిన డబ్బుతో యూపీఐ మీద టికెట్ తీయడం మేలు. ఎనిమిది గంటల ఒక నిమిషానికి వోచర్ నంబరు వెతుక్కుంటూ కూర్చుంటే బెర్తులు ఆగవు. ఇంకో చిక్కూ ఉంది. టికెట్ రద్దయితే సొమ్ము కట్టిన దారినే వెనక్కి వెళ్తుంది. వోచర్ గడువు అప్పటికి తీరిపోయి ఉంటే ఆ డబ్బు కోసం మళ్లీ తిరగాలి.

ఆరుగురికి ఒకే టికెట్ తీయొచ్చు, ఆరే గరిష్ఠం. మేం మాత్రం రెండు పీఎన్‌ఆర్‌లుగా, అంటే రెండు వేర్వేరు టికెట్లుగా తీశాం. కారణం, లోయర్ బెర్త్ కోటా. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు స్లీపర్‌లో ఒక్కో బోగీకి ఆరేడు కింది బెర్తులు పక్కన పెడతారు. అది ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్‌కే వర్తిస్తుంది. పెద్దవాళ్లను పిల్లలతో కలిపి ఆరుగురి టికెట్‌లో వేస్తే ఆ కోటా పోతుంది. అప్పుడు డెబ్భై ఏళ్ల మనిషికి పై బెర్తు వచ్చినా అడిగే హక్కు ఉండదు. అమ్మానాన్నలకు ఆ కోటాలో ఒక టికెట్ యూపీఐతో, మిగిలిన నలుగురికీ స్లీపర్‌లోనే జనరల్ కోటాలో ఒక టికెట్ పాయింట్లతో తీశాం. మనిషికి ఏడు వందల చిల్లర కాబట్టి నలుగురికి దాదాపు 2,900 పాయింట్లు పోయాయి. పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చి నుంచి లేదు, ఆ లెక్క వేసుకోకండి. అయిదేళ్లలోపు పాపకు టికెట్ అక్కర్లేదు, బెర్తూ రాదు. బాబుకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. బెర్తు వద్దంటే సగం, కానీ రాత్రి నిద్ర ఉన్న ప్రయాణంలో ఆ సగం ఆదా చేయడం పిల్లవాణ్ణి బాధపెట్టడమే.

రెండు పీఎన్‌ఆర్‌లు తీస్తే ఒకటి ఎస్3లో, ఇంకొకటి ఎస్7లో పడొచ్చు. మొదటి టికెట్ వచ్చాక బోగీ నంబరు చూసి, రెండో టికెట్‌లో కోరుకునే బోగీ గడిలో అదే వేశాం. ఖాళీ ఉంటే పై తరగతికి మార్చే ఆటో అప్‌గ్రేడ్ టిక్కు రెండిటిలోనూ తీసేశాం. ఒక పీఎన్‌ఆర్ వాళ్లు ఏసీలోకి వెళ్లి, రెండోవాళ్లు స్లీపర్‌లో ఉండిపోతే, మందుల సంచి ఒకచోట, మనుషులు ఒకచోట అవుతారు.

బెర్తు నంబరు చూడగానే ఎక్కడుందో తెలియాలంటే ఎనిమిదితో భాగించండి. శేషం 1, 4 అయితే కింద, 2, 5 మధ్య, 3, 6 పైన, 7 సైడ్ లోయర్, శేషం ఏమీ లేకపోతే సైడ్ అప్పర్. పాత బోగీలో 72 బెర్తులు, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీలో 80. మొదటి గది, చివరి గది మరుగుదొడ్డి పక్కనుంటాయి. రాత్రంతా తలుపు చప్పుడు తప్పదు.

రైలు వెతికేటప్పుడు వారణాసి అని మాత్రమే కొడితే కొన్ని బండ్లు కనబడకపోవచ్చు. మొఘల్‌సరాయ్, 2018 నుంచి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అక్కడ ఆగే బండ్లను డీడీయూ అని వెతకాలి. కాశీకి అక్కడ్నుంచి 17 కిలోమీటర్ల లోపే. మేం ఎక్కింది 12791 దానాపూర్ ఎక్స్‌ప్రెస్. సికింద్రాబాద్ స్టేషన్ పనుల వల్ల కొన్ని బండ్లు చర్లపల్లికి మారాయి. టికెట్ మీద స్టేషన్ కోడ్ ఎస్‌సీ (సికింద్రాబాద్) ఉందో సీహెచ్‌జడ్ (చర్లపల్లి) ఉందో బయల్దేరే ముందు రోజు మళ్లీ చూసుకోండి.

ఈ బండికి నెల ఎంచుకోవడం చాలా ముఖ్యం. మన దగ్గర పనిచేసే బీహారు కూలీల్లో చాలామందికి ఇంటికి వెళ్లే బండి ఇదే. హోలీకి ముందు పది రోజులు, దీపావళి నుంచి బీహారువాళ్ల ఛఠ్ పండగ దాకా అటు వెళ్లే బోగీల్లో కాలు పెట్టే చోటుండదు. ఆ పండగలయ్యాక రెండు వారాలు ఇటు వచ్చే బండిదీ అదే పరిస్థితి. కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ దీపావళి రద్దీ. డిసెంబరు నడుమ నుంచి ప్రయాగ, డీడీయూ మధ్య పొగమంచుతో బండ్లు గంటల తరబడి నిలుస్తాయి. మార్గశిర మాసం మొదటి పక్షం మాకు సరిపోయింది.

ఉదయం ఎక్కాం. చీకటి పడే వేళకు నాగ్‌పూర్. పీఎన్‌ఆర్‌తో ఈ-కేటరింగ్‌లో భోజనం చెప్పుకోవచ్చు, కానీ పులిహోర, మర్నాటికి చపాతీలు, అటుకులు ఇంటినుంచే పట్టుకెళ్లాం. పెరుగన్నం మొదటి మధ్యాహ్నానికే ముగించాలి. ఇటార్సీ దాటాక కిటికీ సందుల్లోంచి చలి కోస్తుంది. స్లీపర్‌లో దుప్పట్లు ఇవ్వరు, మనిషికో దుప్పటి తప్పదు. పెట్టెలను కింది బెర్తు కింద ఉన్న కొక్కేలకు గొలుసేసి తాళం పెట్టాం. తెల్లవారాక సత్నా వైపు నుంచి రోజువారీ ప్రయాణికులు ఎక్కి బెర్తుల మీద కూర్చుంటారు. ఆరింటికి మధ్య బెర్తు దించేసి, పెద్దవాళ్లను కిటికీ వైపు కూర్చోబెడితే గొడవ ఉండదు.

డీడీయూ నుంచి ఆటోలో వెళ్తే గంగ మీది మాలవీయ వంతెన దాటాలి. 1887 నాటిది, పైన రోడ్డు, కింద రైలు. అమ్మ ఆటో ఆపమని అడిగింది, అక్కడ ఆపనివ్వరు. నాణేలు ముందే చేతిలో ఉంచుకోండి. ఆటోలు గొదౌలియా దగ్గరే ఆగిపోతాయి, అక్కడ్నుంచి సందుల్లో నడకే. తెలుగువాళ్లకు మానస సరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం తెలిసిన చోటు. గది కోసం ముందే అడిగి పెట్టుకోవాలి. విశ్వనాథుడి గుడిలోకి ఫోను పోనివ్వరు. ఫోనులో ఉన్న టికెట్లు, గది వివరాలు ఒక కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్లాం. కాలభైరవుడి అనుమతి, విశాలాక్షి, అన్నపూర్ణ, ఇవన్నీ పెద్దవాళ్లకు తెలిసినవే, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది అమ్మ మొక్కు. వెళ్లే టికెట్ తీసిన పది రోజులకు వచ్చే టికెట్ తెరుచుకుంటుంది. ఒకేసారి రెండూ తీయలేం. వెళ్లేదానికే పాయింట్లన్నీ వాడేస్తే తిరుగు ప్రయాణానికి చేతిలో డబ్బుండాలి. తిరుగు 12792కి మేం పూర్తిగా యూపీఐతోనే కట్టాం, మిగిలిన 340 పాయింట్లు అలాగే ఉంచాం.

బయల్దేరే ముందు అక్క రాలేని పరిస్థితి వస్తుందేమో అనుకున్నాం. అలాంటప్పుడు టికెట్ రద్దు చేయక్కర్లేదు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య, భర్త, వీళ్లలో ఒకరి పేరుకు మార్పించొచ్చు. రైలుకు 24 గంటల ముందు రిజర్వేషన్ కార్యాలయంలో బంధుత్వం రుజువు చూపాలి. రద్దే చేస్తే స్లీపర్‌లో తలకు కనీసం 120 రూపాయలు కోత.

తిరిగొచ్చేటప్పుడు సామానులో బరువైనవి గంగ చెంబులు. విశ్వనాథ వీధిలో కొన్న రాగి చెంబులు పదకొండు. నీళ్లు నింపి మూత చుట్టూ అతుకు పోసి ఇస్తారు. అతుకు పడ్డ వెంటనే సంచిలో పెట్టకూడదు. వార్తాపత్రిక మీద బోర్లించి రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే రెండు చెంబుల కింద కాగితం తడిసి గుండ్రంగా మచ్చ పడింది. ఆ రెండిటినీ కొట్టతను మళ్లీ అతికిచ్చాడు. తువ్వాలు చుట్టి, అమ్మ కింది బెర్తు కింద నిలబెట్టి, పక్కన పెట్టెలు ఆనించాం. ఇంటికొచ్చాక కాశీ సమారాధన నాటికి పదకొండూ నిండుగానే ఉన్నాయి.