కందిరీగల గూటికి ఒక్క కాడే ఎందుకు?

ఉష్ణమండలంలో కందిరీగలకు అసలు శత్రువు చీమ. గూటి రూపాన్ని చాలావరకు ఆ భయమే తీర్చిదిద్దింది. రోపలీడియా, పోలిస్టెస్ కందిరీగలు చెక్క నారను దవడలతో గీకి, లాలాజలంతో నమిలి, కాగితంలా పరిచి గదులు కడతాయి. గదులన్నీ ఒక సన్నని కాడకే వేలాడతాయి. చీమకు దారి అదొక్కటే. ఆడ కందిరీగ పొట్ట కొసను ఆ కాడకు రుద్దుతూ చీమలు సహించని స్రావం పూస్తుంది, అదీ మళ్లీ మళ్లీ. ఒంటరిగా గూడు మొదలుపెట్టినది మేతకు వెళ్తే గుడ్లకు కాపలా ఆ పూతే.

అమెరికా ఉష్ణమండలంలోని పాలీబియా కందిరీగల దారి వేరు. రాణులు, శ్రామికులు గుంపుగా తరలివచ్చి గూటిచుట్టూ కాగితపు తొడుగు కట్టి, చిన్న ద్వారం వదులుతాయి.

నాకు అన్నిటికన్నా అబ్బురం మన దేశపు రోపలీడియా మార్జినేటా. దీని రాణి సాధువు. కొట్లాటతో కాదు, రసాయన వాసనతోనే మిగతావాటిని గుడ్లు పెట్టకుండా ఆపుతుంది. బెంగళూరులో శాస్త్రవేత్త రాఘవేంద్ర గదగ్కర్ బృందం రాణిని గూటినుంచి తీసేసి చూసింది. కాసేపటికే ఒక్క శ్రామికురాలు విపరీతంగా దూకుడెక్కింది. మిగతావి ఎదిరించవు. రాణి తిరిగి రాకపోతే ఆ దూకుడు రోజురోజుకీ తగ్గి, సుమారు వారానికి అదే గుడ్లు పెడుతుంది. ఆ వారసురాలు ఎవరో ముందుగా చూసి మనం పోల్చుకోలేం, గూటిలోని కందిరీగలకు మాత్రం తెలుసు.