దించిన డబ్బాలోనే మళ్లీ లోడు: నా అనుభవం

మాకు రెండు ట్రెయిలర్లున్నాయి. తిమ్మాపూర్ ఐసీడీ (ఇన్‌లాండ్ కంటైనర్ డిపో) నుంచి కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల ఫ్యాక్టరీలకు కంటైనర్లు, అంటే మా భాషలో డబ్బాలు, తిప్పుతాం. తిమ్మాపూర్ 2016లో రంగారెడ్డి జిల్లాలోకి పోయింది కానీ మా డ్రైవర్ల లెక్కలో ఇంకా పాలమూరే. సముద్రం లేని మనకు అదే ఓడరేవు. కస్టమ్స్ పని అక్కడే ముగించి డబ్బాలను రైలెక్కిస్తారు.

జడ్చర్ల దాకా 44వ నంబరు హైవే సాఫీగానే ఉంటుంది. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక రాయికల్ టోల్ దగ్గర కూడా పెద్దగా ఆగేది లేదు. బండి ఆగేదల్లా గేట్ల దగ్గర: ఖాళీ డబ్బాలు పెట్టే ఎంటీ యార్డు గేటు, ఫ్యాక్టరీ గేటు, ఐసీడీ గేటు. హాల్టింగ్ ఛార్జీ అడిగితే "చూద్దాంలే" అంటారు. బండిని ఆపినవాడి జేబులోంచి పైసా పోదు, ఇక తొందర ఎవరికుంటుంది? కిస్తీ కట్టేది మేము.

కొత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి విదేశాల నుంచి ప్లాస్టిక్ గింజలొస్తాయి. లోడు దించాక ఖాళీ డబ్బాను యార్డులో అప్పజెప్పాలి. మర్నాడు అదే యార్డు ముందు లైన్లో నిలబడి, అదే షిప్పింగ్ కంపెనీది ఇంకో ఖాళీ డబ్బా ఎత్తుకుని, నూలు ఎగుమతి చేసే జడ్చర్ల మిల్లుకు పోవాలి. దించిన డబ్బాను నేరుగా మిల్లుకే తీసుకుపోతే ఒక పూట, డీజిలు, డ్రైవర్ బత్తా మిగులుతాయి. ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఒప్పించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది.

డబ్బా షిప్పింగ్ కంపెనీది. గడువులోగా తిరిగివ్వకపోతే డిటెన్షన్ అనే ఆలస్య రుసుము పడేది దిగుమతిదారుకు. ఆయన "నాకేంటి లాభం?" అన్నారు. మిల్లువాళ్లు మరకలంటితే నూలు పనికిరాదన్నారు. షిప్పింగ్ ఆఫీసులో మెయిల్ పెట్టమన్నారు. పెడితే పైవాళ్లు చెప్పాలన్నారు. చివరికి అందరి సంతకాలతో ఒకే ఉత్తరం తయారుచేశాం. లోడు దిగిన గంట నుంచి ఐసీడీలో గేట్ ఇన్ అయ్యేదాకా, అంటే గేటు లోపలికి చేరేదాకా, డబ్బా దెబ్బతింటే బాధ్యత మాది. ఖాళీ తిరిగివ్వడానికి అయ్యే కిరాయిలో దిగుమతిదారుకు కొంత తగ్గిస్తాం. యార్డులో దించి ఎక్కించే ఖర్చు షిప్పింగ్ కంపెనీకీ మిగులుతుంది. పైగా ఆరు నెలల్లో డబ్బాను దేశం దాటిస్తామని కస్టమ్స్‌కు బాండు రాసిచ్చేది వాళ్లే కాబట్టి, అది త్వరగా వెళ్లిపోవడం వాళ్లకూ మంచిదే. ఈ రెండు ముక్కలూ మెయిల్లో మొదటే రాసి పంపాక ఫైలు కదిలింది.

తర్వాత డబ్బా చూడటం. మిల్లు సూపర్‌వైజర్‌నీ నన్నూ మా డ్రైవర్ పెద్దాయన లోపలికి పిలిచాడు. "జర నిలబడున్రి సార్, తలుపులేస్త" అని బయటి నుంచి మూసేశాడు. చిమ్మచీకటి. పైకప్పులో సూదిమొనంత వెలుగు కనిపించినా వాన నీరు దిగుతుందని అర్థం. ఎక్కడా కనిపించలేదు. నేల మీద చెక్కల సందుల్లో మాత్రం తెల్లటి గింజలు ఇరుక్కున్నాయి. ఒక్కటి నూలులో కలిసినా కొన్నవాడు ఊరుకోడని సూపర్‌వైజర్ పట్టుబట్టారు. చీపురుకు రాకపోతే సన్నటి ఇనుప చువ్వతో గీకి, కంప్రెషర్ గాలి కొట్టించాం. వాసన లేదని ఆయన ముక్కుతో కూడా పరీక్ష చేశారు! తలుపుల మీది పాత స్టిక్కర్లు పీకి, మిల్లుకు బయల్దేరాం.

ఇక మిగిలినవి అలవాటైన పనులే. 2017 నుంచి ఫ్యాక్టరీలోనే వేసుకుంటున్న ఈ-సీలు (ఎలక్ట్రానిక్ సీలు) తలుపులకు వేశారు. 2016 జూలై నుంచి ప్రపంచమంతటా ఓడెక్కే ప్రతి లోడు డబ్బాకూ కచ్చితమైన బరువు చూపాలి కనుక కాంటా పెట్టించాం. నాలుగు అక్షరాలు, ఏడు అంకెల డబ్బా నంబర్ బుకింగ్‌లో మార్పించాం. ఒక్క అంకె తేడా వచ్చినా గేటు తీయరు.

ఇది ప్రతిసారీ కుదరదు. షిప్పింగ్ కంపెనీ ఒకటే కావాలి, సైజు ఒకటే కావాలి, తేదీలు కలవాలి. గేట్ల సంగతి మా చేతుల్లో లేదు. అమెరికాలో లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ రేవుల్లో 2005లో పగలు వచ్చే లోడుకు రుసుము పెట్టి, బండ్లను రాత్రికి మళ్లించారు. మన దగ్గర రుసుము అక్కర్లేదు, ఎంటీ యార్డు రాత్రి తెరిచి ఉంచితే మా డ్రైవర్లు వాళ్లంతట వాళ్లే పోతారు.

ఇప్పుడు షాద్‌నగర్‌లో ఇంకో దిగుమతిదారు ఒప్పుకున్నారు. ఆయనవి 20 అడుగులవి, మిల్లుకు కావలసినవి 40 అడుగులవి. అందుకే జడ్చర్ల దారిలోని బాలానగర్ వైపు చిన్న డబ్బాల్లో ఎగుమతి చేసేవాళ్లను వెతుకుతున్నాం.