మోహనంలో మధ్యమం లేదు

మా అమ్మాయికి పదమూడేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. జూలై నెలాఖరున అక్కడి బడులకు ఆరు వారాల సెలవులు ఇవ్వగానే ఏటా మహబూబ్‌నగర్‌లో మా నాన్న ఇంటికి వస్తాము. ఉపాధ్యాయుడిగా రిటైరైన మా నాన్న నలభై ఏళ్లుగా మా క్రైస్తవ సంఘంలో హార్మోనియం వాయిస్తున్నారు. కిందటేడు వేళ్ల కీళ్లు పట్టేసి ఆయనకు వాయించడం కష్టమైనందువల్ల, ఆగస్టు చివరి ఆదివారం జరిగే సంఘ వార్షికోత్సవానికి తొమ్మిది మంది పాడబోయే ఒక కీర్తనకు కీబోర్డు వాయించమని మనుమరాలిని అడిగారు. చేతిలో ఉన్నది మూడు వారాలు, వారానికి రెండు ప్రాక్టీసులు. ఆ ఆరు సాయంత్రాలలో నేను చూసినదే ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి ఐదేళ్ల వయసు నుంచి పియానో నేర్చుకుంటున్నది. అక్కడ ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంస్థ నిర్వహించే గ్రేడ్ పరీక్షల్లో మొత్తం 150 మార్కులు ఉంటాయి. మూడు పాటలకు 30 చొప్పున 90, స్కేళ్లకు 21, కొత్త పాటను చూసి వాయించడానికి 21, వినికిడి పరీక్షకు 18. వందకు తగ్గకుంటే పాస్, 130 వస్తే డిస్టింక్షన్. ఈ లెక్క నాకు కంఠతా వచ్చింది గానీ, ఇంకొకరి గొంతును వినడానికి అందులో ఎంత చోటున్నదని నేను ఏనాడూ ఆలోచించలేదు. అది గదిలో ఒంటరిగా కూర్చుని సాధించే విద్య, పొరపాటు జరిగితే ఆగి మళ్లీ మొదటి నుంచి వాయించుకోగలిగిన విద్య.

తెలుగు విషయంలోనూ నేను ఆమెను అలాగే ఒంటరిని చేశాను. ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా ప్రతి శనివారం ఉదయం వంటింటి బల్ల మీద ఓనమాలు దిద్దించాను, గుణింతాలు అప్పజెప్పించుకున్నాను. పదో ఏట ఆమె పుస్తకం మూసి, "ఇది నేను ఎవరితో మాట్లాడాలమ్మా?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. నిజానికి పాలమూరు వాళ్లమైన మాకు వలస కొత్త కాదు. మా తాతల కాలంలో గుంపు మేస్త్రీల వెంట బొంబాయికి, పూనాకు మట్టి పనులకు పోయినవాళ్ల పిల్లలు పని జాగాలో మరాఠీ, హిందీ మాట్లాడినా గుడిసెకు వచ్చాక తెలుగే మాట్లాడారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పనక్కరలేదు. ఎందుకంటే గుంపులో ప్రతి పిల్లకూ ఒక పని ఉండేది, నీళ్లు మోసేది ఒకరు, చంటిదాన్ని ఎత్తుకునేది ఒకరు, ఆ పని సాగేదంతా తెలుగులోనే. నా బిడ్డకు నేను భాషను ఇవ్వబోయాను గానీ, ఆ భాషలో చేయవలసిన పనిని ఇవ్వలేదు.

మొదటి ప్రాక్టీసు ఒక మంగళవారం సాయంత్రం, ప్రార్థన మందిరం పక్కనున్న సండే స్కూలు గదిలో జరిగింది. ఆరుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు చాపల మీద కూర్చున్నారు. పాడవలసినది మోహన రాగంలో, ఆది తాళంలో ఉన్న కీర్తన. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాసిన పాటలతో పెరిగిన మన క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయని మా అమ్మాయికి అంతవరకు తెలియదు. ఆమె మా నాన్న ఫోనులో పాడి పంపిన పాటను విని, బర్మింగ్‌హామ్‌లోనే ఎఫ్ స్కేల్‌లో, అంటే మన లెక్కలో నాలుగు శ్రుతిలో, నాలుగు పేజీల వాయిద్యం రాసుకొని వచ్చింది. మొదటి చరణంలో పాట తారస్థాయి రిషభం, అంటే పై స్థాయిలోని రి దాకా పోయేసరికి ముందు వరుసలోని పెద్దవాళ్లు నోరు మూసుకున్నారు, వెనుక నుంచి ఒక్క గొంతు మాత్రం కీచుమన్నది. మా అమ్మాయి కంగారుపడి ఒక మెట్టు తప్పు నొక్కింది, నొక్కి ఆగిపోయింది. పాడేవాళ్లు ఆగలేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నది, వాళ్లు అప్పటికే చరణం సగంలో ఉన్నారు.

అప్పుడు మా నాన్న చెప్పింది ఒకటే మాట: "బిడ్డా, తప్పువోతే పోనీ, నువ్వు మాత్రం ఆగొద్దు. వాళ్లు యాడున్నరో ఆడికి పోయి కలువు." తరువాత నాలుగేళ్లుగా మా సంఘంలో కీబోర్డు చూసుకుంటున్న కుర్రవాడు ముందుకు వచ్చి, ట్రాన్స్‌పోజ్ బటన్‌ను ఐదుసార్లు కిందికి నొక్కి పాటను ఒకటి శ్రుతికి, అంటే సి స్కేల్‌కు దించాడు. గొంతులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. కానీ మా అమ్మాయి వాయించలేకపోయింది. వేలు ఎఫ్ మీద ఉంటే చెవికి సి వినపడుతున్నందువల్ల తలతిరిగినట్లుగా ఉన్నదని చెప్పి, ఆ రాత్రి తాత హార్మోనియం మీద పాటంతా కొత్త శ్రుతిలో మళ్లీ నేర్చుకున్నది. అక్కడ ఆమె 88 మెట్ల పియానోకు అలవాటుపడింది. ఇక్కడి కీబోర్డుకు 61 మెట్లే, పెడల్ కూడా లేదు. అయినా ఆ విషయం ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు.

రెండో ప్రాక్టీసులో వచ్చిన చిక్కు ఇంకా లోతైనది. పడమటి సంగీతంలో పాటకు కార్డులు, అంటే ఒకేసారి నొక్కి మోగించే స్వరాల గుంపులు, కట్టేటప్పుడు పిల్లలకు మొదట నేర్పేవి స్కేల్‌లో ఒకటో మెట్టు, నాలుగో మెట్టు, ఐదో మెట్టు మీద కట్టే మూడు కార్డులు. ఆమె ఆ మూడింటితోనే పల్లవిని అల్లింది. నా చెవికి బాగానే ఉన్నది. మా నాన్న కళ్లు మూసుకొని వింటూ చేయెత్తి ఆపారు. "ఈడ మధ్యమం వినవడుతున్నది తల్లీ. మోహనంల మధ్యమం ఉండది." ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన నొప్పి పెడుతున్న వేళ్లతోనే స, రి, గ, ప, ద అని ఐదు మెట్లు ఒక్కొక్కటిగా నొక్కి చూపించారు. ఒకటి శ్రుతిలో అవి సి, డి, ఇ, జి, ఎ. ఆమె నాలుగో మెట్టు మీద కట్టిన కార్డులో ఎఫ్ ఉన్నది, అది మధ్యమం, అంటే మ. ఐదో మెట్టు కార్డులో బి ఉన్నది, అది నిషాదం, అంటే ని. రెండూ ఆ రాగానికి చెందవు.

ఆమె చాలాసేపు ఆ ఐదు మెట్ల వైపే చూసింది. ఆ తరువాత కాగితం తీసి, ఆ ఐదు స్వరాలతోనే ఎన్ని కార్డులు కుదురుతాయో రాసుకున్నది. మామూలు మూడు స్వరాల కార్డులు రెండే కుదురుతాయి: సి-ఇ-జి ఒకటి, ఎ-సి-ఇ ఇంకొకటి. మిగిలిన చోట్ల మధ్య స్వరం వదిలిపెట్టి షడ్జమమూ (స) పంచమమూ (ప) మాత్రమే, తంబూరా మోగినట్లు, ఎడమ చేత్తో పట్టుకున్నది. నాలుగు పేజీల వాయిద్యం ఒక పేజీ అయింది. ఆ ఒక్క పేజీకి పెద్దవాళ్లు వెంటనే పాడసాగారు, ఎక్కడా తడుముకోలేదు. మా పాటలకు కార్డులు కట్టడం తప్పని నేను అనను, ఈ కాలపు పాటలు చాలా వాటి మీదే నిలబడి ఉన్నాయి. కానీ రాగం పేరు రాసి ఉన్న పాటకు దాని స్వరాలేవో ముందు తెలుసుకోకుండా వాయించడం సరికాదని మాత్రం నా నమ్మకం.

మా నాన్న ప్రాక్టీసు చేయించే తీరు కూడా వేరు. మొదట మాటలు చదివిస్తారు, రాగం లేదు, వాయిద్యం లేదు. తరువాత వాయిద్యం లేకుండానే పాడిస్తారు. అలా పాడినప్పుడు నాలుగు పంక్తులు దాటేసరికి శ్రుతి కొద్దిగా కిందికి జారుతుంది. ఎక్కడ జారిందో పాడేవాళ్లే కనిపెట్టాక గానీ కీబోర్డు తాకనివ్వరు. మొత్తం పాట మళ్లీ మళ్లీ పాడించరు, జారిన పంక్తిని మాత్రమే నిదానంగా మూడుసార్లు పాడించి ముందుకు పోతారు.

పల్లవిలో "కరుణాసముద్రుడా" అనే పిలుపు వంటి ఒక పెద్ద సమాసం ఉన్నది. మా అమ్మాయి నాలుగు బార్లు, అంటే నాలుగు తాళపు కొలతలు కాగానే పడమటి పాటల అలవాటు ప్రకారం చేతులు కొద్దిగా ఎత్తింది. వాయిద్యం తగ్గడంతో పాడేవాళ్లు అక్కడే ఊపిరి తీసుకున్నారు, మాట సగానికి విరిగింది. మా నాన్న ఆమెనే అడిగారు, ఈ మాట యాడ ఆగుతదో చెప్పు బిడ్డా అని. ఆమె చెప్పలేకపోయింది. ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్న కాగితంలో ఆ మాట మూడు ముక్కలుగా ఉన్నది. సముద్రం తెలుసు, కరుణ తెలియదు. మా నాన్న అర్థం చెప్పారు: "మొన్న జూరాల గేట్లు ఎత్తినప్పుడు సూసినవ్ గద, ఎటు జూసినా నీళ్లే. గంత కంటె పెద్ద దయ." ఆ రాత్రి ఆమె నన్ను పిలిచి, పాట మొత్తం తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఇమ్మన్నది. మూడేళ్ల కిందట మూసిన పుస్తకాన్ని నేను తెరవలేదు, ఆమే తెరిచింది. ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, ఇక్కడ ఆగవచ్చా, ఇక్కడ ఆగవచ్చా అని అడుగుతూ, ఊపిరి తీసుకునే ప్రతిచోటా పెన్సిలుతో "ఊ" అని రాసుకున్నది.

పాడేవాళ్లతో మాట్లాడటం ఆమెకు సంగీతం కంటే కష్టమైంది. బర్మింగ్‌హామ్‌లో ఆమె వెళ్లే చర్చి క్వయర్‌లో డెబ్బై ఏళ్ల వాళ్లనైనా పేరు పెట్టి పిలుస్తారు, శ్రుతి తగ్గితే తగ్గిందని మొహం మీదే చెప్తారు, ఎవరూ నొచ్చుకోరు. ఇక్కడ ఎవరిని ఏమని పిలవాలో తెలియక రెండు సాయంత్రాలు ఆమె పెదవి కదపలేదు. అది బిడియమనుకొని నేను ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా పొరపాటు. మూడో రోజు ఇంటి నుంచి నడిచి వెళ్తూ, ముందు వరుసలో ఎడమ పక్కన కూర్చునేది పెద్దమ్మ, ఆమె పక్కన ఉండేది అత్తమ్మ, నర్సు ఉద్యోగం చేసే ఆమె అక్క, బేస్, అంటే కింది గొంతు పాడే ఆయన మామ అని వరుసలు చెప్పుకుంటూ పోయాము. ఆ సాయంత్రం రెండో చరణంలో శ్రుతి తగ్గినప్పుడు ఆమె, "అత్తమ్మా, ఇది ఇంకొక్కసారి పాడుదామా? నేను మీకు స ఇస్తాను" అన్నది. అత్తమ్మ నవ్వి, "ఇయ్యి తల్లీ" అన్నది. "మీరు తప్పు పాడారు" అనే మాట ఎవరూ ఆమెకు నేర్పలేదు, దాని అవసరమూ రాలేదు.

ఇద్దరు యువకులకు స్వరాలు తెలియవు, మా అమ్మాయికి స్వరాల పేర్లు అప్పటికింకా కుదురుకోలేదు. అందుకని ఆమె స, రి, గ, ప, దలను 1, 2, 3, 5, 6 అని అంకెలుగా రాసి పంచింది. అది చూసి మా నాన్న ఒక పాత సంగతి చెప్పారు. 1890లో నల్లగొండకు వచ్చిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ రష్యాలోని మెన్నొనైట్లు అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ నుంచి వచ్చినవాడు. ఆ రష్యా మెన్నొనైట్లు నాలుగు గొంతుల పాటను గీతల మీది నోట్సుతో కాక అంకెలతోనే రాసుకొని నేర్చుకునేవారు. ఆ తరువాత వచ్చిన మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీలు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, మహబూబ్‌నగర్‌లలో పనిచేశారు. ఇంగ్లండులో పుట్టిన పిల్ల పాలమూరులో అంకెలతో పాట రాయడం చూసి ఆయన ఎంత సంతోషించారో నేను మాటల్లో పెట్టలేను.

వార్షికోత్సవం రోజున పెద్ద సంఘటనేదీ జరగలేదు. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు సంఘమంతా గొంతు కలిపింది, కలపగానే పాట నెమ్మదించింది. మా అమ్మాయి వేగం పట్టుకొని లాగలేదు. కుడి చేయి తీసేసి, ఎడమ చేత్తో తాళం మొదటి దెబ్బకు మాత్రమే షడ్జమం వేస్తూ వాళ్లతో నడిచింది. "ఊ" అని రాసుకున్న చోట్లన్నిటా నాకు ఊపిరి వినపడింది, ముందు తొమ్మిది మందిది, తరువాత మందిరమంతటిదీ.

బర్మింగ్‌హామ్‌కు తిరిగి వచ్చాక శనివారం ఉదయాలు మళ్లీ వంటింటి బల్ల దగ్గరే గడుస్తున్నాయి, కానీ ఇప్పుడు ఆ గంట తాతది. క్రిస్మస్‌కు మిశ్రచాపులో ఒక కీర్తన ఎంచుకున్నారు. ఏడు దెబ్బల తాళం, మూడూ రెండూ రెండుగా నడుస్తుంది. తాత బల్ల మీద చేత్తో కొడుతూ "తకిట తకధిమి" అని రికార్డు చేసి పంపుతారు, ఆమె వాయించి పంపుతుంది, ఆయన మళ్లీ విని జవాబిస్తారు. నిన్నటి జవాబు ఇది: "వాయిద్యం మంచిగున్నది బిడ్డా. గని రెండో చరణంల పెద్దమ్మకు ఊపిరి అందది, ఆమెకు ఈ మధ్య దగ్గు. ఆడ ఒక దెబ్బ ఆగు." ఆమె పెన్సిలు తీసుకొని కాగితం మీద ఇంకొక "ఊ" రాసి, దాని పక్కన చిన్న అక్షరాలతో "పెద్దమ్మ" అని రాసుకున్నది.