రెండు పాత ఏటీఎం కార్డులు, ఒక స్పైరల్ మెషీన్

మా అక్క కొడుకు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో పనికి వెళ్తున్నాడు, ఆరు నెలలైంది. వాడికి 19 ఏళ్లు, ఇంటలెక్చువల్ డిసబిలిటీ, అంటే వయసుకు తగ్గ బుద్ధి ఎదుగుదల లేదు. 18 నిండగానే స్పెషల్ స్కూల్ వాళ్ళు శాలువా కప్పి, గ్రూప్ ఫోటో తీసి పంపించేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు 18 ఏళ్ల వరకే, సరే, కానీ మర్నాటి నుంచి వీడు ఏం చెయ్యాలో ఒక్కళ్ళూ చెప్పలేదు. పన్నెండేళ్లూ పూసలు గుచ్చించారు, ప్రమిదలకి రంగులేయించారు, ఒంటరిగా ఆటో ఎక్కి చిల్లర తీసుకోవడం మాత్రం నేర్పలేదు. నా కోపమంతా అక్కడే, ఇవన్నీ 14, 15 ఏళ్లప్పుడే మొదలుపెట్టాల్సిన పనులు కదండీ.

గవర్నమెంట్ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం మావాడి లాంటి వాళ్ళకి, ఆటిజం వాళ్ళకి, ఇంకొందరికి కలిపి. నోటిఫికేషన్‌లో టెన్త్ పాస్ అని ఉంటే అక్కడితో సరి. ఇక బావగారేమో "పనికి పంపితే 6000 వికలాంగ పెన్షన్ తీసేస్తారేమో" అని నాలుగు నెలలు నాన్చారు. 2024లో 3000 కాస్తా 6000 అయ్యాక చాలా ఇళ్లల్లో ఈ భయం పెరిగింది, ఆయన్నేం అనలేం.

చివరికి మావారి ఫ్రెండ్ షాపులో అడిగాం. మొదటి వారం నేనే పక్కన స్టూలేసుకుని కూర్చున్నా. స్పైరల్ వైరు బెజ్జాల్లోంచి తిప్పుకుంటూ ఎక్కించడం, చివర కత్తిరించి కొన లోపలికి వంచడం, ఇది మాత్రం వాడు రెండో రోజుకే నాకంటే బాగా చేశాడు. చిక్కంతా పంచింగ్ దగ్గర. కాగితాలు లెక్కపెట్టలేడు, చేతికొచ్చినన్ని దూర్చేసేవాడు, మెషీన్ పట్టేసేది, ఓనర్ మొహం మాడిపోయేది. మూడోసారి జామ్ అయ్యాక ఆయనే రెండు పాత ఏటీఎం కార్డులు ఒకదానిమీద ఒకటి అతికించి మెషీన్ పక్కన పెట్టి "ఇంతకంటే ఎత్తు పెట్టకురా నాన్నా" అన్నాడు, అంతే, మళ్ళీ జామ్ కాలేదు. ఇప్పుడు అక్కడ పనిచేసే డిగ్రీ కుర్రాడు కూడా ఆ కార్డులతోనే కొలుచుకుంటాడు, లెక్కపెట్టే పని తప్పిందని.

జీతం నాలుగు వేలు, మధ్యాహ్నం దాకే. రష్‌లో ఎవరైనా గట్టిగా అరిస్తే ఇప్పటికీ చేతులు చెవులకి పెట్టేసుకుంటాడు, అప్పుడు వెనక గదిలోకి పంపుతారు, కాస్త ఆగి తనే వస్తాడు.

మొన్న సింగ్ నగర్ వచ్చే షేర్ ఆటోలో ఇరవై ఇచ్చాడంట, పది తిరిగి రావాలి. స్టాప్ వచ్చినా దిగలేదు. వెనక జనం గోల, డ్రైవర్ "దిగు బాబూ" అంటున్నాడు, వీడు చెయ్యి చాపి అలాగే కూర్చున్నాడంట, పది చేతిలో పడ్డాకే దిగాడు.