ఒలింపియా అడుగున, బొగ్గు అరల దగ్గర

ఫిలడెల్ఫియా వెళ్ళిన మనవాళ్ళు లిబర్టీ బెల్ ముందు ఫొటో దిగి, చీజ్‌స్టేక్ తిని, చీకటి పడేలోపు న్యూజెర్సీలోని ఎడిసన్‌కి తిరుగుముఖం పడతారు. బెల్ దగ్గర్నుంచి తూర్పుకి ఓ ఇరవై నిమిషాలు నడిస్తే డెలావేర్ నది వస్తుంది. అక్కడ పెన్స్ ల్యాండింగ్‌లో ఒలింపియా కట్టేసి ఉంది. 1898 మే 1న ఫిలిప్పీన్స్‌లోని మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకాదళాన్ని మట్టుపెట్టిన అమెరికా ఓడల్ని ముందుండి నడిపించింది ఇదే. ఆ స్పెయిన్-అమెరికా యుద్ధానికి వెళ్ళిన అమెరికా యుద్ధనౌకల్లో ఇప్పటికీ నీళ్ళ మీద ఉన్నది ఇదొక్కటే.

ట్రెంటన్‌లో రైలు మారడం మీకు కొత్తేం కాదు. కారులో మాత్రం వద్దు. నది ఒడ్డున పార్కింగ్ రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది, పైగా ఐ-95 హైవే మీద కప్పు వేసి పార్కు కట్టే పనుల వల్ల చుట్టూ తిరగాల్సి వస్తోంది. లోపల నిచ్చెనమెట్లు నిటారుగా ఉంటాయి. చీరలు, చెప్పులు పనికిరావు, తల వంచుకుని దిగాలి.

ఎక్కువమంది నేరుగా పైకి, బ్రిడ్జి మీదికి వెళ్తారు. అక్కడ కంచు పాదముద్రలు ఉంటాయి. అమెరికా ఓడల దళపతి కమోడోర్ డ్యూయీ నిలబడ్డ చోటది. తెల్లవారి 5:41కి, "సిద్ధమైతే కాల్చొచ్చు గ్రిడ్లీ" అని కెప్టెన్‌తో అన్నది ఇక్కడే. ఆ గ్రిడ్లీకి అప్పటికే ఒంట్లో బాగాలేదు, జూన్ 5న జపాన్‌లోని కోబెలో చనిపోయాడు. ముందూ వెనకా కనిపించే 8 అంగుళాల ఫిరంగులు అసలువి కావు. అసలువి ఎప్పుడో తీసేశారు, ఇవి రేకుతో చేసిన నమూనాలు.

ఆ ఉదయం గురించి బళ్ళో చెప్పని సంగతి ఒకటుంది. 7:35కి డ్యూయీ కాల్పులు ఆపించి ఓడల్ని వెనక్కి తీశాడు. 5 అంగుళాల ఫిరంగులకి ఒక్కోదానికి 15 గుండ్లే మిగిలాయని కబురొచ్చింది. తీరా లెక్క చూస్తే, 15 ఖర్చయ్యాయని చెప్పబోయి మిగిలాయని చెప్పారు. నావికులకి టిఫిన్ పెట్టి 11:16కి మళ్ళీ మొదలెట్టారు. దాదాపు 6 వేల గుండ్లు కాలిస్తే తగిలినవి నూటికి మూడు కూడా లేవు. అంత గురి తప్పినా గెలిచారంటే, స్పెయిన్ అడ్మిరల్ మొంతోహో దగ్గరున్న ఓడలు అంత పాతవి.

నేను ఎక్కువసేపు ఉన్నది పైన కాదు, అడుగున. ఇంజిన్ గదిలో రెండు ఆవిరి ఇంజిన్లు మనిషికి మూడింతల ఎత్తున నిలబడి ఉంటాయి. ఆవిరి ముందు చిన్న సిలిండర్‌లోకి వెళ్ళి దాని పిస్టన్‌ని తోస్తుంది. ఇంకా బలం మిగిలి ఉంటుంది కాబట్టి నడిమి సిలిండర్‌లోకి, అక్కడ్నుంచి అన్నిటికన్నా పెద్దదాంట్లోకి పోతుంది. ఒకే ఆవిరితో మూడుసార్లు పని చేయించుకున్నా, 5,870 టన్నుల ఓడని 20 నాట్ల పైచిలుకు వేగంతో నడపాలంటే ఆరు బాయిలర్లకి పారలతో బొగ్గు ఎగదోస్తూనే ఉండాలి. ఆ బొగ్గంతా ఓడ పక్కల పొడవునా కట్టిన అరల్లో పోస్తారు. శత్రువు గుండు పక్కనుంచి దూసుకొస్తే ఆ బొగ్గే అడ్డు. కవచం కింద లెక్కపెట్టిన బొగ్గుని కాల్చుకుంటూ పోతే కవచం కూడా పల్చబడుతుందన్నమాట.

అక్కడ ఓ పెద్దాయన ఉన్నాడు. నేవీలో ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరై, ఇప్పుడు వచ్చినవాళ్ళకి వివరాలు చెబుతున్నాడు. అమెరికా తన సైన్యాన్ని ఊరూరా దించే అలవాటు ఎక్కడ మొదలైందని అడిగితే, ఆయన తడుముకోకుండా 1947 అన్నాడు. గ్రీసు, టర్కీలకి సాయమని అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటించిన ఏడాది. అంతకుముందువి చిన్నాచితకా దిగుడులేనని ఆయన వాదన. అలాగైతే 1801లో ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీ మీదికి ఓడలు పంపినదాన్నుంచే లెక్కపెట్టాలి కదా అన్నాను. ఆయన నవ్వి, అది కూడా దిగి వెనక్కొచ్చేయడమే అన్నాడు.

ఆయన పట్టుకున్న తేడా సరైనదే. దిగి వెనక్కొచ్చేయడం వేరు, దిగి ఉండిపోవడం వేరు. 1898కి ముందు కూడా దిగారు. డ్యూయీ వెంట మనీలాకి వెళ్ళిన ఓడల్లో బాల్టిమోర్ 1891లో చిలీలోని వాల్పరైసోలో ఉండగా దాని నావికులు ఇద్దరు ఊళ్ళో గొడవలో చనిపోతే, రెండు దేశాలూ యుద్ధం అంచుదాకా వెళ్ళాయి. ఇంకో ఓడ బోస్టన్ 1893 జనవరిలో హొనొలులులో నావికుల్ని దించింది. మర్నాడు హవాయి రాణి లిలియోకలాని గద్దె దిగాల్సి వచ్చింది. అందుకని 1898 ఆకాశం నుంచి ఊడిపడలేదు. కానీ ఉండిపోవడం ఎప్పుడు మొదలైందంటే 1947 కాదు, 1898. ఎందుకో ఆ బొగ్గు అరల దగ్గర నిలబడితే తెలుస్తుంది.

అప్పట్లో స్పెయిన్ చేతిలో ఉన్న క్యూబాలో, హవానా రేవులో మెయిన్ అనే అమెరికా ఓడ 1898 ఫిబ్రవరి 15 రాత్రి పేలిపోయి 260 మందికి పైగా చనిపోయారు. పది రోజుల తర్వాత, నేవీ మంత్రి లాంగ్ ఆఫీసులో లేని మధ్యాహ్నం, ఆయన కింది అధికారి థియోడర్ రూజ్‌వెల్ట్ హాంకాంగ్‌లో ఉన్న డ్యూయీకి టెలిగ్రామ్ కొట్టాడు. ఓడల్ని ఒకచోట చేర్చు, యుద్ధం వస్తే ఫిలిప్పీన్స్ మీదికి వెళ్ళు అన్న ఆ ఆదేశంలో ఒక చిన్న వాక్యం ఉంది: బొగ్గు నిండుగా ఉంచు. డ్యూయీకి స్వదేశం రేవు 7 వేల మైళ్ళ దూరం. యుద్ధం ప్రకటించగానే తటస్థ దేశమైన బ్రిటన్ హాంకాంగ్ నుంచి ఓడల్ని పంపించేస్తుంది, యుద్ధానికి బొగ్గు అమ్మదు. ఇది ముందే తెలిసి డ్యూయీ బొగ్గుతో వస్తున్న నాన్‌షాన్ అనే ఓడని సరుకుతో సహా కొనేశాడు. సామాన్ల కోసం ఝఫీరో అనే ఇంకోదాన్ని కొన్నాడు. మనీలాలో గెలిచాక తిరిగి వెళ్ళడానికి రేవు లేదు. గెలిచిన రేవులోనే ఉండాలి. ఉండాలంటే ఒడ్డు చేతిలో ఉండాలి. ఒడ్డు చేతిలో ఉండాలంటే సైనికులు కావాలి. జూన్ 30న మొదటి దళం చేరింది, దారిలో గ్వామ్ దీవిని కూడా పట్టుకుని.

మెయిన్ పేలుడు కూడా బొగ్గు సంగతే కావచ్చు. 1898లో, 1911లో విచారణ చేసినవాళ్ళు బయటి మందుపాతర అన్నారు. 1976లో అడ్మిరల్ రికోవర్ ఇంజనీర్లతో మళ్ళీ లెక్కలు వేయించి, బొగ్గు అర దానంతట అదే అంటుకుని పక్కనున్న మందుగుండు గదిని వేడెక్కించి ఉంటుందని తేల్చాడు. వాదన ఇంకా నడుస్తోంది. కొత్తగూడెం, గోదావరిఖని వైపు వాళ్ళకి ఈ మాట వింత కాదు. సింగరేణి బొగ్గు కుప్ప పోసి వదిలేస్తే లోపల్లోపల వేడెక్కి పొగ లేస్తుంది, అందుకే నీళ్ళు చల్లుతూ ఉంటారు. పెన్సిల్వేనియాలో దొరికే ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు అంత తేలిగ్గా అంటుకోదు. కానీ మెత్తటి రకం బొగ్గు జోరుగా మండి వేగం ఇస్తుందని నేవీ దానివైపు మొగ్గింది. మెత్తటి బొగ్గు, గాలి సరిగా ఆడని అర, పక్కనే ఒక్క ఇనుప గోడ అవతల మందుగుండు. కాపాడుకునే దారి ఒక్కటే, రోజూ అర గోడ మీద చెయ్యి పెట్టి వేడి చూడటం. ఇదంతా పెద్దాయన ఓడ గోడ తడుముతూ చూపించాడు.

మనీలాలో జరిగిన ఇంకో పని గురించి ఆయనా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. టెలిగ్రాఫ్ వాడుకోనివ్వమని డ్యూయీ అడిగితే స్పెయిన్ గవర్నర్ కుదరదన్నాడు. డ్యూయీ సముద్రంలో కేబుల్ కోయించాడు. గెలుపు కబురు హాంకాంగ్ దాకా ఓడలో వెళ్ళి మే 7న గానీ వాషింగ్టన్ చేరలేదు. ఆగస్టు 12న వాషింగ్టన్‌లో యుద్ధ విరమణ మీద సంతకాలయ్యాయి. కేబుల్ లేదు కాబట్టి మనీలాకి తెలియదు. 13న స్పెయిన్, అమెరికా కూడబలుక్కుని ఉత్తుత్తి యుద్ధం ఆడి, ఊరిని అమెరికాకి అప్పగించారు. ఆ ఊరి చుట్టూ కందకాల్లో ఉన్న ఫిలిప్పీనో సైన్యాన్ని లోపలికి రానివ్వలేదు. వాళ్ళ నాయకుడు అగినాల్డోని మేలో హాంకాంగ్ నుంచి తీసుకొచ్చింది అమెరికా ఓడే. జూన్ 12న ఆయన స్వాతంత్ర్యం ప్రకటించాడు. డిసెంబర్ 10న పారిస్‌లో 2 కోట్ల డాలర్లకి స్పెయిన్ ఆ దీవుల్ని అమెరికాకి రాసిచ్చింది.

ఈ ఒప్పందం సెనేట్‌లో 1899 ఫిబ్రవరి 6న 57-27 ఓట్లతో గట్టెక్కింది. మూడింట రెండొంతులు కావాలి, అంటే కావలసినదానికన్నా ఒక్క ఓటే ఎక్కువ. సెనేట్ బయట దీన్ని వ్యతిరేకించినవాళ్ళలో ఆండ్రూ కార్నెగీ ఉన్నాడు, తర్వాత మార్క్ ట్వేన్ కూడా వాళ్ళతో కలిశాడు. అమెరికా అంతా ఒకే గొంతుతో వెళ్ళిందనుకోవడం ఆ 27 మందికి అన్యాయం. ఓటింగుకి రెండు రోజుల ముందే మనీలాలో అమెరికా, ఫిలిప్పీనో సైన్యాల మధ్య కాల్పులు మొదలయ్యాయి. మూడేళ్ళ పైచిలుకు ఆ యుద్ధంలో 4,200 మంది అమెరికన్లు, 20 వేల మంది ఫిలిప్పీనో సైనికులు పోయారు. కరువు, కలరాలతో కలిపి సామాన్యులు లక్షల్లో పోయారు. దీన్ని చిన్నాచితకా దిగుడు అనలేమని పెద్దాయనతో గట్టిగానే అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు.

1900లో చైనాలో విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు వచ్చినప్పుడు అమెరికా తొమ్మిదో పదాతి దళాన్ని మనీలా నుంచే పంపింది. చైనా మీద కాంగ్రెస్ యుద్ధం ప్రకటించలేదు. సైన్యం దగ్గర్లో ఉంది, ఓడలున్నాయి, బొగ్గుంది, వెళ్ళారు. నా దృష్టిలో ఈ వాదన ఇక్కడే తేలుతుంది. 1903లో క్యూబాతో గ్వాంటనామో కౌలు ఒప్పందం రాసుకున్నప్పుడు అందులో పెట్టిన మాట బొగ్గు, నౌకా స్థావరం. ఏటా కౌలు 2 వేల డాలర్లు. తర్వాత ఓడలు నూనెకి మారాయి, ఆపైన కొన్ని అణుశక్తికి. బొగ్గు పోయినా గ్వాంటనామో ఉండిపోయింది. ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ అఖాతం నుంచి నేవీ ఖాళీ చేసింది 1992లో. 1947లో ట్రూమన్ మాట ఇచ్చే నాటికి ఆ మాట నిలబెట్టే రేవులూ అలవాటూ యాభై ఏళ్ళవి.

ఒలింపియా కథ మనీలాతో ఆగలేదు. 1918లో రష్యాలోని ముర్మాన్స్క్‌కి వెళ్ళింది, దీని నావికులు అర్ఖాంగెల్స్క్‌లో దిగారు. రష్యాతోనూ యుద్ధం ప్రకటించలేదు. 1921లో ఫ్రాన్స్ నుంచి, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పేరు తెలియని అమెరికా సైనికుడి శవపేటిక తెచ్చింది ఇదే. పేటిక కిందికి పట్టక డెక్ మీదే తాళ్ళతో కట్టారు. తుపానులో కాపలా మెరీన్లని కూడా కట్టి నిలబెట్టారు. ఆ చోటు చూపించేటప్పుడు పెద్దాయన 1947 గురించి ఎత్తలేదు.

ఓడ పొట్ట 1945 తర్వాత మరమ్మతుకి నీళ్ళు తోడేసిన డ్రై డాక్ ఎక్కలేదు, నీటి గీత దగ్గర ఇనుము పల్చబడింది. వెళ్ళేవాళ్ళు మూడు గంటలు పెట్టుకోండి, ముందు కిందికి దిగండి. పాదముద్రల దగ్గర రద్దీ మధ్యాహ్నానికి తగ్గుతుంది.